గోడ మీది అంకె

ఉగాది పోయినంక వచ్చిన ఆదివారం నాడు మా ఆయన సంగమేశ్ మా పడకకమ్రల గోడకు ఆ డబ్బ బిగించిండు. అరచెయ్యంత తెల్లటి డబ్బ. నడుమ నల్లటి అద్దం, అద్దంల ఎర్రటి అంకె. కమ్ర ఎంత వేడిగున్నదో ఆ అంకె చూపిస్తది. ఏ పూటకు ఎంత చల్లగుండాల్నో దానికి ముందే చెప్పిపెడితె, ఏసీని అదే నడుపుకుంటది, అదే బంద్ చేసుకుంటది. థర్మోస్టాట్ అంటరట. మా అత్తమ్మ మాత్రం మొదటిరోజే దాన్ని గోడడబ్బ అన్నది. మా ఇంట్ల అదే పేరు ఖాయమైంది.

ఆయన నౌకరే అది. హైదరాబాదుల పెద్ద పెద్ద ఆఫీసులకు ఏసీలు, ఇసొంటి డబ్బలు బిగించే కంపెనీల పని చేస్తడు. వారమంత అక్కడుండి, శనివారం బండికి బీదర్ వచ్చేటోడు, ఆదివారం సాయంత్రం మళ్ళ పోయేటోడు. బీదర్ల చిద్రి దిక్కున్న మా ఇల్లు మామయ్య కట్టించింది. మామయ్య పోయినంక అత్తమ్మ పేరు మీదికి వచ్చింది. వారం రోజులు ఆ ఇంట్ల నేను, అత్తమ్మ, మేమిద్దరమే. అత్తమ్మ పేరు అంబమ్మ. శివరాత్రికి ముందు ఆమెకు మోకాలు ఆపరేషన్ అయ్యింది. వాకర్ పట్టుకొని ఇంట్లనే తిరిగేది.

"టార్చ్ జర మీదికి పట్టు భాగ్యా," అన్నడు ఆయన. మెత్తగ అన్నడు. ఆయన గొంతు ఎప్పుడూ మెత్తగనే ఉంటది. పెండ్లయినప్పటి నుంచి ఒక్కసారి గూడ నా మీద అరిచింది లేదు. గల్లీల ఆడోళ్ళు నన్ను చూసి అదే అనేటోళ్ళు, భాగ్యజ్యోతి మొగనికి నోట్లె నాలికె లేదు, అదృష్టం చేసుకున్నదని.

గోడకు బెజ్జం కొట్టి, తీగెలు లోపటికి పోనిచ్చి, డబ్బ వంకర లేకుంట మట్టంబద్ద పెట్టి చూసి మరీ బిగించిండు. కిటికీ రెక్కలు అంతకుముందే తీసేసి, ఒకటే పెద్ద అద్దం కూసోబెట్టించిండు. దాని అంచులకు తెల్లటి గమ్ము పూసిండు, చల్లదనం బయటికి పోవద్దని. ఫాల్స్ సీలింగ్ వేసినప్పుడే పంఖ తీసేసినం.

అత్తమ్మ వాకర్ మీద వచ్చి దర్వాజ కాడ నిలబడ్డది. "గిట్ల మూసేస్తె గాలెట్లొస్తది రా?"

"గాలితోని పనేంది అమ్మా. చల్లదనం వస్తది."

"గాలి లేని చల్లదనం నాకొద్దు తియ్యి. నాకు నా కూలరే మంచిది." ఆమె హాల్ల తన మంచం కాడికి వెళ్ళిపోయింది.

ఆయన మంచం మీద కూసొని ఫోన్ల ఏందేందో నొక్కిండు. నేను పక్కన కూసున్న. "నాకు గూడ నేర్పియ్యండి," అన్న.

"నీకెందుకు తకలీఫ్. నేను అక్కడి నుంచే ఫోన్ల చూసుకుంట. నువ్ దాన్ని ముట్టే అవసరమే లేదు." నిజంగనే ముట్టినా అది పని చెయ్యకుంట నంబర్ పెట్టి లాక్ చేసిండు. సాయంత్రం బ్యాగు సర్దుకుంటుంటె ఏసీ రిమోటు గూడ బట్టల నడుమ పెట్టుకున్నడు. నేను చూసి, "రిమోటు?" అన్న.

"ఇగ దానితోని పని లేదు గద."

మొదట్ల నిజంగనే మంచిగుండె. ఆ ఏడు ఎండలు ముందే మొదలైనయ్. పగటీలి అన్నం తిని గిన్నెలు తోమి నేను పోయేసరికి కమ్ర చల్లగ తయారుగుండేది, ఎవరో నాకంటె ముందే పోయి కూసున్నట్టు. పక్కింటి జగదేవక్క వచ్చి ఆ చల్లదనంల నిలబడి మొఖం పైకి పెట్టి కండ్లు మూసుకునేది. "నీ మొగడు పట్నంల కూసొని నీకు ఇసనకర్ర ఊపుతుండు," అనేది.

ఒకనాడు సాయంత్రం ఆయన ఫోన్ చేసి, "పాణం బాగలేదా?" అని అడిగిండు.

"మంచిగనే ఉన్న. ఎందుకు?"

"ఇయ్యాల చానసేపు కమ్రల పండుకున్నవ్."

"మీకెట్ల ఎరుక?"

"మనిషి కదిలితె డబ్బకు తెలుస్తది. మనిషి లేకుంటె ఊకె ఏసీ నడువద్దు గద, అందుకు." నవ్విండు. "తలుపు తీస్తె గూడ తెలుస్తది. తీసినప్పుడల్ల అంకె ఎక్కుతది. ఇయ్యాల మస్తుసార్లు తీసినవ్. ఎవరన్న వచ్చిండ్రా?"

"జగదేవక్క వచ్చింది."

"అట్లనా," అన్నడు. గంతే. అండ్ల తప్పుపట్టేటిదేం లేదు. కని ఆ రోజు నుంచి ఆ కమ్రల చీర మార్చుకోవాల్నంటె నేను గోడ దిక్కు వీపు పెట్టుడు మొదలుపెట్టిన. అది చూడదు, దానికి కండ్లు లేవు, ఒట్టి కదలికనే పడతదని ఆయన చెప్పిండు. అయినా గట్లనే చేసిన.

ఏప్రిల్ నడుమల ఒక పగటిపూట చెమటతోని నిద్రలేచిన. మెడ కింద దిండు తడిసి ఉన్నది. ఏసీ బంద్. డబ్బ మీద ముప్పై నాలుగు. కరెంటు పోయిందేమో అనుకున్న గని అంకె ఎర్రగ వెలుగుతనే ఉండె. హాల్లకు పోయి చూస్తె ఛార్జింగుకు పెట్టిన ఫోన్ల ఆయన చేసిన కాల్స్ ఉన్నయ్. వెంటనే చేసిన.

"ఏసీ ఖరాబయినట్టుంది," అన్న.

"ఖరాబు కాలేదు. నువ్ ఫోన్ ఎత్తుతలేవని నేనే బంద్ పెట్టిన. చూడు, లేచినవ్ గద." మాట్లాడుకుంటనే ఏదో నొక్కిండు. కమ్రల ఏసీ టిక్కుమని మొదలైంది. "చల్లగొస్తుందా?"

"వస్తుంది."

"గంతే మరి."

అత్తమ్మకు చెప్తె ముందు నవ్వింది. "వాడు చిన్నప్పటి నుంచి గంతే. ఎవలన్న నిద్రపోతుంటె కాళ్ళ మీద నీళ్ళు కొట్టేటోడు." మెంతికూర తెంపుతున్నదల్ల చెయ్యి ఆపి, నా మొఖం దిక్కు చూసి, "మళ్ళ చేస్తె నాకు చెప్పు," అన్నది.

మళ్ళ చేసిండు. పొయ్యి కాడ ఉండి ఫోన్ ఎత్తడం ఆలస్యమైతె, ఆ పూట నేను పోయి పండుకున్నంక కమ్ర మెల్లగ వేడెక్కేది. హళ్ళిఖేడుల ఉన్న మా అమ్మతోని ఎక్కువసేపు మాట్లాడితె, నా ఫోన్ బిజీ వచ్చిందని, అప్పుడూ వేడెక్కేది. ఒక్కసారి గూడ తిట్టలేదు. ఎందుకు చేసిండో గూడ చెప్పకపోతుండె. నేను ఫోన్ చేస్తె మళ్ళ చల్లగయ్యేది. నేను హాల్ల అత్తమ్మ పక్కన చాప వేసుకొని పండుకున్న రెండు రోజులు, "అంత మంచిగ కమ్ర చేయించిన, నీకు పనికొస్తలేదా?" అని అడిగిండు. మళ్ళ కమ్రలకే పోయిన. అన్నీ అత్తమ్మకు చెప్పుకోలేదు. కన్నకొడుకాయె, ఎన్నని చెప్తం.

"ఇప్పుడు ఒక్క రింగుకే ఎత్తుతున్నవ్," అన్నడు ఒకనాడు. మెచ్చుకున్నట్టే అన్నడు.

కావేరి నాతోని ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చదివింది. బీదర్లనే గుంప దిక్కు రక్తపరీక్షల ల్యాబ్ పెట్టుకున్నది. మే మొదట్ల కూరగాయల కాడ కలిసి, "నా కాడి పిల్ల మానేసింది. పగటీలి వచ్చి జర చేసిపోరాదు. నీ చెయ్యి మంచిది, సూది పెడితె పోరగాండ్లు గూడ ఏడువరు," అన్నది. పెండ్లికి ముందు నేను చేసిన పని అదే. ఇంటికొచ్చి ఆయనకు ఫోన్ చేసి అడిగిన.

"ఎండలు పోనీ. చూద్దాం," అన్నడు.

ఫోన్ పెట్టేసినంక చూస్తె అత్తమ్మ మంచం మీద లేచి కూసొని ఉన్నది. స్పీకర్ల అంత విన్నది. "ఎండలు పోయినంక వానలు పోనీ అంటడు," అన్నది. "నువ్ పో. పగటీలి నేను కూలర్ కాడ పండుకునేదే గద. జగదేవి వచ్చి కూసుంటది."

"ఆయనకేం చెప్పాలె అత్తమ్మా?"

"వానికి నేను చెప్త. చెప్పే టైముకు చెప్త."

పోయిన. పక్షం రోజులకు పైననే పోయిన. జగదేవక్క పప్పు ఏరుకుంటనో, బట్టలు కుట్టుకుంటనో అత్తమ్మ కాడ కూసునేది. ఆయన ఫోన్ చేస్తె నేను ల్యాబ్ బయట మెట్ల మీదికొచ్చి ఎత్తేదాన్ని. కమ్రల కదలిక లేదేమంటె, హాల్ల అత్తమ్మ కాళ్ళు పిసుకుతున్న అనేదాన్ని. అబద్ధమాడుతున్నందుకు భయమయ్యేది గని, లోపటికొచ్చి చేతికి గ్లౌజు తొడుక్కుంటె నిమ్మళమయ్యేది. నా చెయ్యి నరం దొరకబట్టుకునుడు మర్చిపోలేదు.

రోహిణికార్తె వచ్చింది. ఆ పొద్దున్నే కూలర్ మోటరు కాలి పొగ వచ్చింది. బాగుచేసేటాయన రేపొస్త అన్నడు. అత్తమ్మ కొంగుతోని విసురుకుంటుంటె నేనే బతిమిలాడి మా కమ్రలకు తీసుకుపోయిన. ఆమె మా మంచం మీద ఒరిగి, చల్లదనం తగిలినంక మెల్లగ కాళ్ళు చాపింది.

"మంచిగనే ఉన్నది. ఊకె తిట్టిన దీన్ని," అన్నది గోడ దిక్కు చూసుకుంట.

వాకర్ మంచానికి ఆనించి పెట్టిన. నీళ్ళ చెంబు పెట్టిన. జగదేవక్కకు అప్పజెప్పి పోయిన. ఆ రోజు ల్యాబుల ఏదో ఫ్యాక్టరీ పనోళ్ళందరికీ పరీక్షలు. వరుస గుమ్మం దాటి రోడ్డు దాక ఉన్నది. ఫోన్లు దగ్గరుంటె చెయ్యి అటే పోతదని కావేరి అందరివీ సొరుగుల పెట్టించింది.

తర్వాత ఏం జరిగిందో నేను ముక్కలు ముక్కలుగ తెలుసుకున్న. అత్తమ్మ నిద్రపోయింది. మా గల్లీల నల్లాకు నాలుగు రోజులకొకసారి నీళ్ళొస్తయ్. ఆ పగటీలి వచ్చినయ్. జగదేవక్క, చల్లదనం పోవద్దని కమ్ర తలుపు దగ్గరికేసి, బిందెలు నింపుకొని వస్తనని ఇంటికి ఉరికింది. ధార సన్నగుండి ఆమెకు చానసేపు పట్టింది. అదే టైముకు ఆయన నాకు ఫోన్ చేసిండు. నేను ఎత్తలేదు. డబ్బ చూస్తె కమ్రల మనిషి కదులుతున్నట్టు చూపించింది. మళ్ళ చేసిండు. ఎత్తలేదు. కమ్రల మనిషున్నది, ఫోన్ ఎత్తుతలేదు.

వరుస అయిపోయి ఫోన్ చేతికొచ్చేసరికి ఆయన కాల్స్ వరుసగ ఉన్నయ్. వాటి కింద ఒక మెసేజ్.

"పడుకో. బాగ పడుకో."

అది చదివి నేను ఎట్ల మెట్లు దిగిన్నో యాదికి లేదు. ఆటో ఎక్కి జగదేవక్కకు చేసిన. నల్ల కాడుంటె ఫోన్ ఏం ఇనొస్తది. ఆయనకు చేసిన. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళ చేసిన. నేను ఎత్తకపోతె ఎట్లుంటదో నాకు తెల్వాలని ఎత్తలేదు కావచ్చు. మెసేజ్ పెట్టిన, కమ్రల ఉన్నది అత్తమ్మ, నేను కాదు అని. ఆటో అన్నను జల్ది పోనియ్యమంటె ఆయన అద్దంల నన్ను చూసి ఇంకేం అడగకుంట పోనిచ్చిండు. గాలి పొయ్యి మీద పెనం లెక్క మొఖానికి కొట్టింది.

తలుపు తీసేసరికి ఏసీ నడుస్తున్నది. అప్పుడే మొదలైంది. లోపట ఇంకా ఇటుకబట్టీ తీరు ఉన్నది, మీది నుంచి మాత్రం సన్నగ చల్లగాలి దిగుతున్నది. గోడ మీద నలభై ఒకటి. నేను చూస్తుండంగనే నలభై అయ్యింది.

అత్తమ్మ మంచానికీ గోడకూ నడుమ కింద పడి ఉన్నది. వాకర్ బోర్ల పడ్డది. చెంబు ఖాళీగ దొర్లింది. ముట్టుకుంటె ఒళ్ళు ఎండిన కట్టె తీరు కాలుతున్నది. చెమట చుక్క లేదు. పెదవులు కదులుతున్నయ్ గని మాట లేదు. జగదేవక్క తడిచీరతోనే ఉరికొచ్చింది. ఇద్దరం కలిసి ఆమెను హాల్లకు గుంజినం, నింపిన బిందెలన్నీ తెచ్చి ఆమె మీద పోసినం. తడి దుప్పటి చుట్టి, నేనొచ్చిన ఆటోలనే దవఖానకు తీసుకుపోయినం. తొవ్వ పొడుగునా జగదేవక్క, "ఇప్పుడే పోయిన, బిందెల కోసం పోయిన," అని అదే మాట అనుకుంట ఏడ్చింది. నేను ఏడువలేదు. అత్తమ్మ నాడి మీద వేలు పెట్టి కూసున్న. ఉరుకుతున్నది, దొరుకుతలేదు, మళ్ళ దొరుకుతున్నది.

వడదెబ్బ అన్నరు. ఇంకో గడియైతె మా చేతుల ఉండకపోయేది అన్నరు. సెలైన్ ఎక్కించిండ్రు, చంకల కింద మంచు పెట్టిండ్రు. సాయంత్రానికి కండ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది. డాక్టరమ్మ వచ్చి కన్నడల అడిగింది, ఏసీ ఉన్న కమ్రల వడదెబ్బ ఎట్ల తగిలింది అజ్జీ అని.

అత్తమ్మ మెల్లగ చెప్పింది. "నాకు తెల్వక నేనే ఏదో వత్తిన తల్లీ. బంద్ అయినట్టుంది."

నేను ఆమె దిక్కు చూసిన. ఆ డబ్బ ఎవరు ముట్టినా పని చెయ్యదని ఆమెకు ఎరుకే. ఆమె నా దిక్కు చూడలేదు. ఇంటి మాట బయట పడనియ్యదని అర్థమైంది. ఆ క్షణంల, ఇగ నేను ఒక్కదాన్నే అనుకున్న.

పొద్దుగూకినంక ఆయన వచ్చిండు. దొరికిన కారు మాట్లాడుకొని వచ్చిండట. నేను ల్యాబుల ఉన్న సంగతి తొవ్వలనే జగదేవక్కకు ఫోన్ చేసి తెలుసుకున్నడట. అంగి నలిగి, కండ్లు ఎర్రగున్నయ్. సరాసరి తల్లి మంచం కాడికొచ్చి, సెలైన్ పెట్టిన చెయ్యి తప్పించి ఇంకో చెయ్యి పట్టుకొని, దాని మీద నొసలు ఆనించి ఏడ్చిండు. ఆయన ఏడ్చుడు నేను చూసింది అదే మొదలు.

"అమ్మా, నువ్వున్నవని నాకు తెల్వదే," అన్నడు. "ఒట్టు. లోపట నువ్వున్నవని నాకు తెల్వదు."

అత్తమ్మ ఆ చెయ్యి గుంజుకోలేదు. ఆయన తలకాయ దిక్కు చూసింది. తర్వాత, చిన్నపిల్లగాన్ని అడిగినట్టు అడిగింది.

"మరి ఎవలున్నరనుకున్నవ్ బిడ్డా?"

ఆయన తల ఎత్తలేదు. పక్క మంచం ఆమెకు ఎవరో టిఫిన్ డబ్బ మూత తీస్తున్నరు.  అత్తమ్మ కండ్లు మూసుకొని, "భాగ్యా, నీళ్ళు తాపు," అన్నది. నేను చెంచాతోని తాపిన. ఆయన లేచి జరిగిండు, నాకు తొవ్వ ఇచ్చిండు.

ఇంటికొచ్చినంక అత్తమ్మ ఆయనతోని ఒకటే మాట చెప్పింది. "నువ్ పట్నంల ఉండు. నేను పిలిచినంక రా." ఆయన సరేనమ్మ అన్నడు. కోపం లేదు, వాదులాట లేదు. పోయేటప్పుడు నాతోని, "అమ్మకు టైముకు గోళీలు వెయ్యి," అన్నడు, ఎప్పటి తీరుగనే.

ఆయన పోయినంక నేను కరెంటు బోర్డు కాడికి పోయి ఆ కమ్ర స్విచ్చు కిందికి నొక్కి బంద్ చేసిన. కూరగాయల కత్తితోని కిటికీ అంచుల గమ్ము కోసిన. గమ్ము సగం తెగింది, అద్దం పగిలింది. పగిలినా మంచిదే అనుకొని గాజుముక్కలు ఎత్తిపోసిన. కాసేపటికే ఫోన్ మోగింది.

"డబ్బ బంద్ పెట్టినవా?"

"పెట్టిన."

 "అది ఉంటె మీకే మంచిగుండేది," అన్నడు. మెత్తగనే.

వారం తిరగకముందే మా అమ్మ హళ్ళిఖేడు నుంచి ఫోన్ చేసి తిట్టుడు మొదలుపెట్టింది. ముసలామెను కమ్రల పెట్టి తలుపేసి నౌకరికి పోతవా, నీకు బుద్ధి ఎక్కడ పోయిందని. ఎవరు చెప్పిండ్రంటె, మీ ఆయనే ఫోన్ చేసి చెప్పుకొని బాధపడ్డడు, నిన్ను ఒక్క మాట గూడ అనలేదు పాపం అన్నది. తర్వాత మా ఆయన చిన్నమ్మ చేసింది. తర్వాత గల్లీల నన్ను చూసి మాటలు ఆగుడు మొదలైంది. జగదేవక్క ఒక్కతే ఎప్పటి తీరు వచ్చేది, గని ఆమె గూడ కమ్ర దిక్కు చూడకపోతుండె.

ధన్నూర నుంచి అత్తమ్మ తమ్ముడు గాలయ్య మామ మోటరుసైకిల్ మీద వచ్చిండు. పంచాయితీ చెయ్యనీకే వచ్చిండని చెప్పులు విడిచిన తీరుల్నే తెలిసింది. కుర్చీల కూసొని, చాయ్ ముట్టకుంట, "అక్కా, కోడలు చేసింది గలత్. పిల్లగాడు మంచోడు కాబట్టి ఊకున్నడు," అన్నడు.

నేను వంటింటి గుమ్మంల నిలబడ్డ. చెప్పాల్నని ఉండె. ఆ మెసేజ్ ఇంకా నా ఫోన్ల ఉండె. కని దవఖానల ఆమె ఏం చెప్పిందో నేను విన్న.

"దాన్ని పనికి పంపింది నేను," అన్నది అత్తమ్మ. "నేనే పొమ్మన్న. ఇప్పుడు గూడ పోతది."

"మరి నువ్ సచ్చిపోతుంటివి గదక్కా."

"సావలేదు గద. చాయ్ తాగు, చల్లారుతుంది."

"అసలు ఏమైంది ఆనాడు?"

అత్తమ్మ మోకాలు మీద చెయ్యి రాసుకున్నది. కొడుకు పేరు నోటిదాక వచ్చిందో ఏమో. "ఏమైతె ఏంది తమ్మీ," అన్నది కడాకు. "దాని మీద ఎవలన్న మాటంటె నా మీద అన్నట్టే. ఊర్ల గట్లనే చెప్పు." కొడుకును ఆమె అప్పుడూ పట్టియ్యలేదు. నన్ను విడిచిపెట్టలేదు గూడ. గాలయ్య మామ చాయ్ తాగి, ఏం తేల్చకుంటనే పోయిండు.

నేను మళ్ళ ల్యాబుకు పోయిన. అత్తమ్మ బాగుచేసిన కూలర్ కాడ, దర్వాజలన్నీ తెరిపించుకొని కూసునేది. ఒంట్ల బలం వచ్చింది గని నిద్ర తక్కువైంది. ఆయన రోజూ పొద్దున తల్లికి ఫోన్ చేసేటోడు. తిన్నవా, గోళీలు వేసుకున్నవా అని. ఆమె ఆ, ఆ అని చెప్పి పెట్టేసేది. రమ్మని మాత్రం అనలేదు.

మృగశిర పడ్డది. మొదటి వాన కొట్టిన మర్నాడు, నేను ల్యాబ్ నుంచి వచ్చేసరికి ఆయన హాల్ల కూసొని ఉన్నడు. బుధవారమో గురువారమో, శనివారమైతె కాదు. కొత్త అంగి తొడుక్కున్నడు. సంచినిండ మామిడిపండ్లు తెచ్చిండు. అత్తమ్మ ఎదురుంగ మంచం మీద ఉన్నది. చాన దినాల తర్వాత కొడుకును చూసిన ఖుషీ ఆమె మొఖంల ఉన్నది, దాచుకుందామన్నా దాగుతలేదు. నేను అన్నం వండిన. ఆయన తల్లి పక్కన కూసొని కడుపునిండ తిన్నడు. కంపెనీ ముచ్చట్లు చెప్పిండు. తల్లి మోకాలు చూసి, మంచిగ మానిందన్నడు. ఎవరన్న చూస్తె ఈ ఇంట్ల ఏం జరుగలేదనుకుందురు.

చేతులు కడుక్కొని పోనీకే లేచిండు. నేను వాకిట్లకు రాకుంట గుమ్మంలనే నిలబడ్డ. చెప్పులు తొడుక్కుంట, తల వంచే ఉంచి అడిగిండు.

"ల్యాబ్ నుంచి రోజు ఎన్నింటికి వస్తవ్ భాగ్యా?"

అందరు మొగోళ్ళు పెండ్లాలను అడిగేటి మాటనే. ఆయన గొంతు గూడ అందరు మొగోళ్ళ గొంతు తీరుగనే ఉన్నది. నా నోరు తెరుచుకున్నది. అలవాటైన నోరు, ఒక్క రింగుకే ఎత్తే నోరు. టైము చెప్పబోయిన.

"అది వచ్చినప్పుడొస్తది," అన్నది అత్తమ్మ లోపటి నుంచి.

ఆయన తల్లి దిక్కు చూసిండు. నవ్విండు. "సరె అమ్మా. మళ్ళొస్త," అన్నడు. తడి గల్లీల బురద తప్పించుకుంట, అంచు పట్టుకొని నడుచుకుంట పోయిండు. మలుపు కాడ ఒకసారి వెనకకు మళ్ళి ఇంటి దిక్కు చూసిండు.

అత్తమ్మ వాకర్ లేకుంటనే, గోడ పట్టుకొని మెల్లగ గుమ్మం దాక వచ్చింది. కొడుకు మలుపు తిరిగేదాక చూసింది. తిరిగినంక గూడ కాసేపు అట్లనే ఉన్నది. మామిడిపండ్ల వాసన ఇల్లంత నిండింది.

"గేటుకు తాళమెయ్యి భాగ్యా," అన్నది. "లోపటి నుంచి వెయ్యి."

అని, కొంగుతోని మొఖం తుడుచుకొని, పండ్ల సంచి కాడ కూసొని మాగినవి ఒక దిక్కు, మాగనివి ఒక దిక్కు ఏరుడు మొదలుపెట్టింది.